పాడి కలవని వేసవి కూరగాయల వంట

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఫాల్గుణం నుంచి జ్యేష్ఠం మొదటి వారాల దాకా, అంటే సుమారు ఫిబ్రవరి చివర నుంచి జూన్ తొలి వారం వరకు దొరికే తాజా కాయగూరలు, ఆకుకూరలు, పచ్చి మామిడి, లేత పనస వంటి వాటితో ఇంట్లో చేసుకునే వంట ఈ వ్యాస విషయం. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె వాడని వంటకాలకే ఇది పరిమితం. పాడి పదార్థాలు కలిసే సంప్రదాయ శాకాహార వంటకు చూ. శాకాహారం, పెరుగు పచ్చళ్లకు, మజ్జిగ పులుసుకు చూ. పాడి వంటకాలు.

నిర్వచనం, పరిధి

తెలుగువారి వాడుకలో శాకాహారమంటే మాంసం, చేప, గుడ్డు లేని భోజనం. పాలు, పెరుగు, నెయ్యి అందులో భాగమే. జంతువుల నుంచి వచ్చే పదార్థాలన్నిటినీ మానే పద్ధతికి వీగన్ అనే పేరు 1944లో ఇంగ్లండులో పుట్టింది. డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు ఆ ఏడాది నవంబరులో వీగన్ సొసైటీని స్థాపించారు. భారతదేశంలో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2022లో వీగన్ ఆహార నిబంధనలు తెచ్చి, ఆ ఆహారాలకు వేరే గుర్తు కేటాయించింది. పొట్లాల మీద ఎప్పటినుంచో ఉన్న పచ్చచుక్క శాకాహారాన్ని మాత్రమే సూచిస్తుంది. అందులో పాలు ఉండవచ్చు.

వేసవిలో తెలుగింట వండే పప్పు, పులుసు, వేపుడు, రోటి పచ్చడి చాలావరకు ఈ కొత్త నిర్వచనంలో ఇమిడిపోతాయి. పాడి మూడు చోట్ల చేరుతుంది: పప్పన్నంలో నెయ్యి, సొర, బీర, పొట్ల వంటి కాయలతో చేసే పాలు పోసిన కూర, భోజనం చివర పెరుగు లేదా మజ్జిగ. మొదటి రెండింటిని తేలిగ్గానే తప్పించవచ్చు. మూడోది కష్టం. ఎండాకాలంలో మజ్జిగ ఆహారం మాత్రమే కాదు, దాహం తీర్చే పానీయం కూడా.

ఋతువు, దిగుబడి

వేసవిలో రెంటచింతల, రామగుండం వంటి చోట్ల పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మే చివర మొదలయ్యే రోహిణి కార్తెలో ఎండ మరీ తీవ్రం. ఈ వేడికి క్యాబేజీ, కాలీఫ్లవర్, బఠానీ వంటి చలికాలపు పంటలు తగ్గుముఖం పడతాయి. నీటి వసతి ఉన్న పొలాల్లో తీగజాతి కాయలు వాటి చోటు తీసుకుంటాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో విత్తిన దోస, సొర, బీర, కాకర, బెండ మార్చి నుంచి కాపుకొస్తాయి. బీర, కాకర, పొట్ల, దొండ తీగలను పందిళ్ల మీదికి పాకిస్తారు. పొట్లకాయ వంకర పోకుండా చివర చిన్న రాయి కట్టి వేలాడదీయడం పాత అలవాటు.

రాత్రులు కూడా వేడిగా ఉంటే టమాటా పూత రాలిపోతుంది. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె ప్రాంతంలో రాత్రులు కొంత చల్లబడతాయి గనక అక్కడి టమాటా వేసవిలోనూ మార్కెట్లకు వస్తుంది. టమాటా ధర మండినప్పుడు పులుపుకు మామిడికాయ, చింతచిగురు చేతికందే కాలం కూడా ఇదే.

రైతు నేరుగా వినియోగదారుకు అమ్మే రైతుబజార్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలయ్యాయి. వేసవి కాయలు త్వరగా వాడిపోతాయి కాబట్టి ఉదయం కోసినవి ఆ పూటే ఇంటికి చేరడం పట్టణాల్లోని వంటకు ఎంతో ముఖ్యం.

చరిత్ర

వంగ, కీరదోస, మునగ, మామిడి దక్షిణాసియాలో అనాదిగా సాగులో ఉన్నవి. సొర ఆఫ్రికా మూలం గలదైనా వేల ఏళ్ల కిందటే ఆసియాకు చేరింది. ఇవన్నీ తెలుగు నేలకు పాత చుట్టాలే. మిరప, టమాటా, తీపి గుమ్మడి మాత్రం అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వర్తకం మొదలయ్యాకే వచ్చాయి. అంతకుముందు కారానికి మిరియాలు, అల్లం, ఆవాలు వాడేవారు.

ఋతువును బట్టి భోజనం మారడానికి స్పష్టమైన సాహిత్య సాక్ష్యం 16వ శతాబ్ది తొలినాళ్లలో శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో ఉంది. విష్ణుచిత్తుడు అతిథులకు వానాకాలంలో వరుగులు, వడియాలు పెడతాడు. వేసవిలో గోరువెచ్చని అన్నం, చారు, పలుచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీళ్లు, మామిడి పిందెల ఊరగాయ, నీళ్ల మజ్జిగ వడ్డిస్తాడు. ఎండలో పలుచనివి, చల్లనివి, పుల్లనివి తినాలి, ఎండలో ఎండబెట్టినవి వానలో తినాలి అన్న లెక్క అయిదు వందల ఏళ్ల తర్వాత కూడా పెద్దగా మారలేదు.

వేసవి పండుగల నైవేద్యాల్లోనూ పాడి తక్కువ. ఉగాది పచ్చడిలో వేపపువ్వు, మామిడికాయ, కొత్త చింతపండు, బెల్లం, ఉప్పు, కారం ఉంటాయి. శ్రీరామనవమి పానకం బెల్లం, మిరియాలు, యాలకులతో చేసేది; వడపప్పు నానిన పెసరపప్పు. వీగన్ అనే మాట పుట్టక ముందునుంచీ ఇవి అలాంటివే.

20వ శతాబ్దంలో అచ్చు పుస్తకాలు ఇంటి వంటను కొలతల్లోకి తెచ్చాయి. వాటిలో మాలతీ చందూర్ రచించిన వంటలు - పిండివంటలు అనేక ముద్రణలు పొందింది.

ప్రధాన కూరగాయలు

దోసకాయ. పసుపుపచ్చని, గుండ్రటి కూరదోస శాస్త్రీయంగా కుకుమిస్ మెలో. అంటే ఇది కీరదోసకు కాదు, ఖర్బూజాకు సొంత జాతి. పులుపు, గట్టిదనం ఉన్న కండ వల్ల పప్పులో ఉడికినా ముక్క చెదరదు. పచ్చిగా పచ్చడి చేస్తే కరకరలాడుతుంది. కొన్ని కాయలకు చేదు పుట్టే గుణం ఉండటం వల్ల కోయగానే చిన్న ముక్క రుచి చూడటం ప్రతి ఇంట్లో అలవాటు (చూ. భద్రత).

సొరకాయ. లాజెనారియా సిసెరారియా. గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో ఆనపకాయ. బరువులో దాదాపు 95 శాతం నీరే. గోరు గుచ్చితే దిగేంత లేతదే కూరకు పనికొస్తుంది. ముదిరితే దప్పళంలోకి పెద్ద ముక్కలుగా వెళుతుంది. శనగపప్పుతో కూర, నువ్వులపొడి చల్లిన కూర, కందిపప్పుతో పప్పు, తెలంగాణలో సొరకాయ తురుము కలిపిన సర్వపిండి ముఖ్య వంటకాలు.

బీరకాయ. లుఫ్ఫా అక్యుటాంగ్యులా. కండతో కూర, పచ్చడి. చెక్కుతో బీరపొట్టు పచ్చడి. ఒక కాయతో రెండు వంటకాలు.

పొట్లకాయ, కాకరకాయ, దొండకాయ. పొట్లకాయను పెసరపప్పుతో కలిపి పొడికూరగా వండుతారు. కాకరను పులుసుబెల్లం పెట్టి, లేదా ఉల్లికారం కూరి వేయిస్తారు. దొండకాయ ప్రధానంగా వేపుడుకు. రోటి పచ్చడికీ బాగుంటుంది.

బెండకాయ, గోరుచిక్కుడు. రెండూ ఎండకు ఓర్చుకునే పంటలు. తెలంగాణలో గోకరకాయ అనే గోరుచిక్కుడు గింజ నుంచే పరిశ్రమల్లో వాడే గ్వార్ జిగురు తీస్తారు. ఇంటి వంటకు మాత్రం పీచు ముదరని లేత కాయే కావాలి.

ములక్కాడ. మొరింగా ఒలీఫెరా. వేసవి ప్రధాన కాపు. తమిళనాడులోని పెరియకుళంలో రూపొందిన పీకేఎం-1 అనే ఏడాది మునగ వ్యాపించాక కాయ మరింత విరివిగా దొరుకుతోంది. పులుసులు, దప్పళం, టమాటా కూరలకు వాడతారు.

వంకాయ. ఏడాది పొడవునా దొరుకుతుంది. రుచి చలికాలంలో ఎక్కువని చాలామంది అంటారు. వేసవిలో ఇది మామిడికాయతో జతకట్టి వంకాయ మామిడికాయ కూరగా వస్తుంది.

మామిడికాయ, చింతచిగురు. ఈ ఋతువుకు పులుపునిచ్చేవి ఇవే. చింతచెట్టు ఎండాకాలంలో చిగురిస్తుంది. ఆ చిగురును అరచేతుల మధ్య నలిపి ఈనెలు, చెత్త తీసి పప్పులో వేస్తారు. దొరికే రోజులు తక్కువ కాబట్టి ధర ఎక్కువ.

ఆకుకూరలు. తోటకూర, బచ్చలి, గోంగూర (తెలంగాణలో పుంటికూర), గంగవాయిలికూర. చివరిది పొలం గట్ల మీద, తడి నేలలో దానంతట అదే మొలిచే చిన్న మొక్క. నున్నటి దళసరి ఆకు, కొద్దిగా పులుపు. పప్పులో వేయడానికి తెలంగాణలో మంచి గిరాకీ.

వీటితోపాటు లేత పనసకాయ, అరటికాయ, తీపి గుమ్మడి, బూడిద గుమ్మడి కూడా వేసవి వంటలో కలుస్తాయి.

వంట రీతులు

పప్పు. కందిపప్పు లేదా పెసరపప్పు ఉడికించి కూరగాయతో కలిపి తాలింపు పెట్టేది. దోసకాయ పప్పు దీనికి మంచి ఉదాహరణ. ఒక గ్లాసు కందిపప్పుకు మధ్యరకం దోసకాయ ఒకటి, అయిదారు పచ్చిమిరపకాయలు, చిటికెడు పసుపు. పప్పు మెత్తగా ఉడికాక విడిగా మగ్గించిన ముక్కలు, ఉప్పు, కాస్త చింతపండు రసం కలిపి మరో అయిదు నిమిషాలు ఉంచుతారు. నువ్వుల లేదా వేరుశెనగ నూనెలో ఆవాలు, మినపప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకుతో తాలింపు. నెయ్యి వేసుకోని వారు ఈ తాలింపు నూనెను ఒక చెంచా పెంచుతారు. పప్పన్నానికి కమ్మదనం ఏదో ఒక కొవ్వు వల్లే వస్తుంది కాబట్టి దాన్ని పూర్తిగా తగ్గిస్తే వంటకం నీరసంగా ఉంటుంది.

పొడికూర, ముద్దకూర. తక్కువ నూనెలో మూతపెట్టి మగ్గించేవి. నువ్వులపొడి, వేయించిన పల్లీలపొడి, పచ్చికొబ్బరి, శనగపప్పు కారం వంటివి చివర చల్లుతారు. గుత్తి వంకాయలో ఇదే కారాన్ని కాయలోపల కూరతారు.

ఆవ పెట్టిన కూర. నానిన ఆవాలు, ఎండుమిర్చి నూరి, కూర దించాక కలిపేది. గోదావరి జిల్లాల పనసపొట్టు కూర దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. లేత పనసకాయను కత్తితో సన్నగా కొట్టించి, పసుపు వేసి ఉడికించి, చింతపండు రసం, జీడిపప్పు, వడియాలతో వండుతారు. ఆ జిల్లాల సంతల్లో పొట్టు కొట్టి అమ్మేవారుంటారు. ఇంట్లో కొట్టడం ఓపికతో కూడిన పని.

వేపుడు. నీరు పూర్తిగా ఇంకిపోయేదాకా మూత లేకుండా వేయించేది. దొండ, బెండ, కాకర, అరటి ముఖ్యం.

పులుసు. చింతపండు రసంలో ముక్కలు ఉడికించేది. పెద్ద ముక్కలు, బెల్లం, బియ్యప్పిండి లేదా శనగపిండి చిక్కదనంతో దప్పళం అవుతుంది. తెలంగాణ పచ్చిపులుసుకు తాలింపుకు తప్ప పొయ్యి అక్కర్లేదు: చన్నీళ్లలో పిసికిన చింతపండు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, కొద్దిగా బెల్లం లేదా చక్కెర, పైన తాలింపు. మామిడికాయతోనూ చేస్తారు. మండే మధ్యాహ్నం వంటింట్లో నిలవలేనివారికి ఇంతకు మించిన వంట లేదు.

రోటి పచ్చడి. కాయను నూనెలో మగ్గించి లేదా పచ్చిగానే వేయించిన మిరపకాయలు, మినపప్పు, నువ్వులతో కచ్చాపచ్చాగా నూరేది. మామిడికాయ కొబ్బరి పచ్చడి, దోసకాయ పచ్చి ముక్కల పచ్చడి, బీరకాయ పచ్చడి వేసవికి ప్రత్యేకం. మిక్సీలో చేస్తే మెత్తబడిపోతుంది గనక ముక్కలు చివర వేసి ఒక్కసారి తిప్పి ఆపడం మేలు.

వంటలోని క్రియలు

తీగజాతి కాయల్లో నీరు ఎక్కువ కాబట్టి వాటిని ఉడికించడానికి బయటి నీరు అవసరం లేదు. ముక్కలపై ఉప్పు చల్లితే కణాల్లోని నీరు బయటికి ఊరుతుంది. మూతపెట్టి సన్నని సెగన ఉంచితే ఆ నీటిలోనే అవి మగ్గుతాయి. బీరకాయ కూరలో నీళ్లు పోస్తే కూర పులుసవుతుంది, రుచి పలచబడుతుంది.

పులుపు పప్పును త్వరగా ఉడకనివ్వదు. గింజల కణాలను పట్టి ఉంచే పెక్టిన్ ఆమ్లంలో నిదానంగా కరగడమే కారణం. అందుకే చింతపండు రసం పప్పు ఉడికాకే పోస్తారు. ప్రెషర్ కుక్కర్లో మామిడి ముక్కలు పప్పుతో కలిపి పెట్టేవారు వాటిని విడి గిన్నెలో ఉంచితే పప్పు బిరుసెక్కదు.

బెండకాయ జిగురు నీటితో కలిస్తే సాగుతుంది. కడిగి, తుడిచి, ఆరాక కోయాలి. వేపుడుకు మూత పెట్టకూడదు. పులుపు ఆ జిగురును విరుస్తుంది గనక పులుసులో బెండకాయ అంతగా సాగదు. వంకాయ ముక్క గాలి తగిలితే నల్లబడుతుంది, ఉప్పునీళ్లలో వేస్తే ఆ క్రియ మందగిస్తుంది.

ఆవ ఘాటు గింజలో సిద్ధంగా ఉండదు. నలిపి తడిపినప్పుడు ఎంజైము పనిచేసి ఘాటైన పదార్థం పుడుతుంది. వేడి ఆ ఎంజైమును చెరుపుతుంది, పుట్టిన ఘాటును ఎగరగొడుతుంది. ఆవను దించాక కలపడానికీ, ఆవకాయలో ఆవపిండిని పచ్చిగా వాడటానికీ కారణం ఒకటే. తాలింపులో చిటపటలాడిన ఆవాల్లో ఘాటు ఉండదు, కమ్మని వాసన మాత్రమే ఉంటుంది.

ప్రాంతీయ భేదాలు

తెలంగాణలో జొన్నరొట్టె, పచ్చిపులుసు, నువ్వులు, పల్లీల వాడకం ఎక్కువ. రాయలసీమలో రాగిసంగటికి తోడు పల్లీల ఊరుబిండి, ఆకుకూర పప్పు. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో రోటి పచ్చళ్ల కారం, గోంగూర. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పనస, ఆవ, బెల్లం పులుసులు. ఉత్తరాంధ్రలో చోడి అంబలి, బెల్లం తగిలిన కూరలు. పెళ్లిళ్లలో కోస్తా అంతటా దోసావకాయ కనిపిస్తుంది. కలిపిన మర్నాటికే తినడానికి పనికొచ్చే ఈ ఊరగాయలో పాడి ఊసే లేదు.

పాడికి బదులు వాడేవి

పాలు పోసిన కూరల్లో కొబ్బరిపాలు సరిపోతాయి. వేడి ఎక్కువైతే విరుగుతాయి కాబట్టి దించే ముందు పోయాలి. నువ్వులు లేదా జీడిపప్పు ముద్ద కూరకు చిక్కదనం ఇస్తుంది. నెయ్యికి బదులు గానుగ నువ్వులనూనె ముద్దపప్పులోకి, ఆవకాయ అన్నంలోకి చాలా ఇళ్లలో ముందునుంచే ఉంది.

పెరుగు స్థానంలో సోయా, వేరుశెనగ, కొబ్బరి పాలను తోడుపెట్టి వాడుతున్నారు. వాటి పులుపు, గడ్డకట్టే తీరు ఆవు, గేదె పెరుగులా ఉండవు. పాత పద్ధతుల్లో దీనికి దగ్గరిది తరవాణి. అన్నం, గంజి, నీళ్లు కుండలో పులియబెట్టగా వచ్చే పుల్లని నీరు ఇది. అందులో నానిన అన్నాన్ని ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఊరగాయతో పొద్దున్నే తినేవారు. మజ్జిగ కలపని చద్దన్నం అన్నమాట. ఫ్రిజ్‌లు, పాల పొట్లాలు వచ్చాక పట్టణాల్లో ఇది దాదాపు కనుమరుగైంది. పాడి మానినవారు వెతుకుతున్న ఆ చివరి ముద్దకు కొత్తగా కనిపెట్టిన పెరుగుల కంటే ఇదే బాగా అతుకుతుంది.

నిల్వ

వేసవి ఎండ కూరగాయను వాడిపోయేలా చేసినా, దాన్ని దాచడానికీ అదే ఎండ ఉపయోగపడుతుంది. మామిడి, కాకర, వంకాయ, గోరుచిక్కుడు ముక్కలను ఉప్పు పట్టించి ఎండబెట్టి వరుగులు చేస్తారు. బూడిద గుమ్మడి తురుమును మినప్పిండితో కలిపి వడియాలు పెడతారు. ఆవకాయలో ఉప్పు, కాయ పులుపు, ఆవపిండి, పైన తేలే నూనె కలిసి సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకుంటాయి. తడి తగిలితే ఆ రక్షణ పోతుంది. మజ్జిగ మిరపకాయలు ఈ వర్గంలోవే అయినా పాడి కలుస్తుంది (చూ. ఊరగాయలు; వరుగులు).

పోషణ

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచించింది. సొర, బీర, దోస నీటినీ పీచునూ ఇస్తాయి గాని శక్తి, మాంసకృత్తులు చాలా తక్కువ. ఆ లోటును పప్పు, పల్లీలు, నువ్వులు తీర్చాలి. బియ్యంలో కొరవడే లైసీన్ పప్పులో ఉంది. పప్పులో తక్కువైన మెథియోనీన్ బియ్యంలో, నువ్వుల్లో ఉంది. పాడి మానినవారికి కాల్షియం రాగులు, నువ్వులు, మునగాకు వంటి వాటి నుంచి రావాలి. తోటకూర, గంగవాయిలికూరల్లో ఆక్జలేట్లు ఉండటం వల్ల వాటి కాల్షియం కొంతే ఒంటికి పడుతుంది. విటమిన్ బి12 మాత్రం మొక్కల ఆహారంలో నమ్మదగ్గ మోతాదులో దొరకదు. బలవర్ధక ఆహారం లేదా మాత్రల రూపంలో తీసుకోవలసిందే.

ఇళ్లలో బీర, సొర, పెసరపప్పును చలవ చేసేవిగా, మామిడికాయ, ఆవ, ఆవకాయలను వేడి చేసేవిగా విభజిస్తారు. ఇది ఆయుర్వేదంతోనూ, అనుభవంతోనూ ముడిపడిన వర్గీకరణ. పోషక విలువల పట్టికతో దీన్ని పోల్చలేం.

భద్రత

సొర, దోస, కీర, బీర కాయల్లో చేదు పుట్టించేవి కుకుర్బిటాసిన్లు. నీటి ఎద్దడి, ఎండ తీవ్రత వీటిని పెంచుతాయి, వండినా పోవు. చేదు సొరకాయ రసం తాగి తీవ్ర వాంతులు, రక్తస్రావం, మరణాలు కూడా సంభవించిన ఉదంతాల తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం అలాంటి రసం తాగవద్దని హెచ్చరించింది. కాకరకాయ చేదు వేరు, అది సహజం. మిగతా కాయల్లో ముక్క చేదుగా ఉంటే పారేయాలి. వండిన పప్పు, కూరలను వేసవిలో గది ఉష్ణోగ్రత వద్ద రెండు గంటలకు మించి ఉంచకపోవడం మంచిది.

ప్రవాసంలో

అమెరికాలో తెలుగువారి వేసవి జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఇంటి వెనుక తోటల్లో సొర, బీర, దోస, బెండ, గోంగూర పెంచుతారు. చలి ప్రాంతాల్లో విత్తనాలను ఇంట్లోనే మొలకెత్తించి, మంచు భయం పోయాక నేలలో నాటుతారు. పంట ఒక్కసారిగా చేతికొస్తే చుట్టుపక్కల తెలుగు ఇళ్లకు కాయలు పంచడం మామూలు. గోంగూర పగటి వేళ తగ్గుతున్న కొద్దీ పూతకు వచ్చి ఆకు తగ్గుతుంది, తొలి మంచుకు మొక్క చచ్చిపోతుంది. అందుకని శరత్తులోనే ఆకంతా కోసి, నూనెలో మగ్గించి ఫ్రీజరులో దాచుకుంటారు. ఏడాదికి సరిపడా పచ్చడి అందులోంచే వస్తుంది.